సర్కిలు ఇనస్పెక్టరు: పదవి, అర్హత

పల్లెలో హత్యగాని దోపిడిగాని జరిగిన మరునాడు రచ్చబండ దగ్గర మొదట వినవచ్చు ప్రశ్న "సర్కిలు వచ్చినాడా?" అనునది. ఠాణాలోని సబ్-ఇనస్పెక్టరు అప్పటికే వచ్చి యుండును. కానిస్టేబుళ్ళు గుంపును వెనుకకు జరుపుచుందురు. అయినను జనము ఆ ప్రశ్న అడుగుట మానరు. సర్కిలు అనగా వృత్తము, కొన్ని ఠాణాల ఆవరణము. మన వాడుకలో అది ఒక మనిషికి పేరై కూర్చున్నది. పదవి పూర్తి పేరు సర్కిలు ఇనస్పెక్టరు, నేటివారి నోట "సి.ఐ. గారు".

ఈ ఉద్యోగిని పెద్ద సబ్-ఇనస్పెక్టరు అనియే చాలమంది భావింతురు. ఆ భావన సగము మాత్రమే సరియైనది. ఠాణాలో సబ్-ఇనస్పెక్టరు ముఖ్యముగా తన పని తాను చేయును. సర్కిలు ఇనస్పెక్టరు తన పని చేయుటయే కాక, ఇతరులు చేసిన పనికి జవాబుదారి యగును. పోలీసు కొలువులో ఈ మార్పు స్పష్టముగా కనబడు మొదటి మెట్టు ఇదియే. ఒక నిరపరాధి జైలు పాలగుటయు, ఒక అపరాధి తప్పించుకొనిపోవుటయు పెక్కుసార్లు ఈ మెట్టుమీద జరిగిన పనిని బట్టి యుండును.

గుర్తుల సంగతి ముందు చెప్పుదును. భుజముమీద సబ్-ఇనస్పెక్టరునకు రెండు నక్షత్రములు, ఇనస్పెక్టరునకు మూడు. డిప్యూటీ సూపరింటెండెంటునకును మూడే. అందుచేత ఒకరిని చూచి మరియొకరనుకొనుట కద్దు. ఇనస్పెక్టరు నక్షత్రములతో పాటు ఎరుపు, నీలము రంగుల పట్టీ యుండును. డిప్యూటీకి ఆ పట్టీ లేదు. జిల్లాలలో రెండు మూడు ఠాణాలు, ఒక్కొక్కచోట అంతకు మించియు, ఒక సర్కిలు క్రింద నుండును. కొన్ని సర్కిళ్ళు కలిసి ఒక సబ్-డివిజను. దానికి డిప్యూటీ సూపరింటెండెంటు అధికారి. అందరిమీదను జిల్లా సూపరింటెండెంటు. హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ వంటి కమిషనరేటులలో ఏర్పాటు వేరు. అక్కడ ఇనస్పెక్టరే ఠాణాకు అధిపతి. ఆయనపై అసిస్టెంటు కమిషనరు. హోదా ఒకటే యైనను పని మారును. ఇక్కడ మనము జిల్లాలలోని సర్కిలు ఇనస్పెక్టరునే ప్రధానముగా తలచుకొందము.

ఈ ఏర్పాటు పాతది. మద్రాసు రాజధానికి 1859 లో జిల్లా పోలీసు చట్టము వచ్చినది. దేశములో అధిక భాగమునకు 1861 లో పోలీసు చట్టము వచ్చినది. తెలంగాణమున నైజాము ప్రభుత్వమునకు వేరు పోలీసు, వేరు పేర్లు: అమీను, మొహతమీము, కొత్వాలు. 1902-03 సంవత్సరములలో ఫ్రేజరు అధ్యక్షతను ఒక కమిషను బ్రిటిషు ఇండియా పోలీసును పరీక్షించి, దానికి శిక్షణ చాలదనియు, పైవారి పర్యవేక్షణ చాలదనియు, ప్రజలు దానిని అవినీతికిని దౌర్జన్యమునకును నిలయముగ చూచుచున్నారనియు నిర్మొగమాటముగ వ్రాసినది. చదువుకొన్న యువకులను నేరుగా సబ్-ఇనస్పెక్టర్లుగా తీసికొని ఠాణాలు వారి కప్పగింపవలెనని సిఫారసు చేసినది కూడ ఆ కమిషనే. ఠాణా సబ్-ఇనస్పెక్టరు చేతికి వచ్చిన తరువాత, దానిపై కన్ను వేసి యుంచుట ఇనస్పెక్టరునకు ముఖ్యమైన పని యైనది. నూరేండ్లు దాటినను ఆ పని స్వభావము మారలేదు.

చట్టము ఈయనకు ఇచ్చిన బలము ఏమి? ఠాణా అధికారికంటె పై హోదాలోనున్న పోలీసు అధికారి, తన హద్దులలో, ఠాణా అధికారికి గల అధికారములన్నిటిని తానును వినియోగింపవచ్చును. 1973 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడులో ఇది 36వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 30వ సెక్షను. ఇదిగాక కొన్ని చట్టములు ఇనస్పెక్టరు హోదాను పేరుపెట్టి కోరుచున్నవి. సమాచార సాంకేతిక చట్టము క్రింది నేరములను, అనగా ఇంటింట సెల్‌ఫోనులోనికి చొరబడి బ్యాంకు సొమ్ము కాజేయు మోసముల వంటి వానిని, ఇనస్పెక్టరుకంటె తక్కువవారు దర్యాప్తు చేయరాదు. మొదట ఆ చట్టము డిప్యూటీ సూపరింటెండెంటును కోరెడిది; 2008 నాటి సవరణతో ఇనస్పెక్టరునకు దిగినది. వేరొకవైపున ఎల్లలును కలవు. షెడ్యూల్డు కులములు, తెగలపై జరుగు అత్యాచారముల కేసులను 1995 నాటి నియమముల ప్రకారము డిప్యూటీ సూపరింటెండెంటునకు తగ్గని అధికారియే దర్యాప్తు చేయవలెను. సర్కిలు అక్కడ సహాయకుడు మాత్రమే.

ఇక పని. ఒక ఊరిలో తెల్లవారుజామున చేని గట్టుమీద ఒక రైతు శవము కనబడినదనుకొందము. కొడుకు ఠాణాకు పరుగెత్తును. సబ్-ఇనస్పెక్టరు ఫిర్యాదు వ్రాసికొని, ప్రథమ సమాచార నివేదికను నమోదు చేసి, ప్రతిని మేజిస్ట్రేటునకు పంపును. హత్య ఘోర నేరము గనుక మన జిల్లాలలో దర్యాప్తును సర్కిలు ఇనస్పెక్టరు చేపట్టుట ఆనవాయితీ. ఆయన మొదటి పని ముద్దాయిని పట్టుట కాదు, చోటును కాపాడుట. వందమంది తొక్కిన గట్టుమీద హంతకుని అడుగు ఏది? పిదప పంచాయతీదారుల సమక్షమున శవ పంచనామా, స్థలము యొక్క రఫ్ స్కెచ్, శవపరీక్షకు పంపకము. రక్తము తడిసిన మన్ను ఒక పొట్లము కట్టి, దాని ప్రక్కనే రక్తము తగులని మన్ను మరియొక పొట్లము కట్టుదురు. చూచువారికి ఇది వింతగా తోచును. మట్టి ఎవనికి కావలెను అని నవ్వుదురు కూడ. కాని మొదటి దానిలో కనబడినది ఆ నేలకు సహజమైనదా, రక్తము వలన వచ్చినదా యని ప్రయోగశాల పోల్చి చూచుటకు రెండవది లేక తీరదు. ఏడేండ్లు, అంతకు మించి శిక్షపడదగు నేరములలో శాస్త్ర నిపుణుడు స్వయముగా స్థలమునకు రావలెనని క్రొత్త సంహిత చెప్పుచున్నది. దానిని అమలు పెట్టుటకు రాష్ట్రములకు అయిదేండ్ల గడువు ఇచ్చినది.

మధ్యాహ్నమునకు ఊరంతయు ఒక పేరు చెప్పును. గట్టు తగాదా ఉన్నవాడు, నిరుడు పంచాయతీలో "నీ సంగతి చూచెదను" అన్నవాడు. మృతుని బంధువులు శవమును రోడ్డుమీద నుంచి, వానిని పట్టుకొనువరకు లేవమందురు. పైనుండి ఫోనుమీద ఫోను. ఆ వేళ సర్కిలు ఇనస్పెక్టరు యొక్క విలువ తెలియును. ఊరు చెప్పిన పేరు నిజము కావచ్చును. పెక్కు కేసులలో నిజమే యగుచున్నది. చిక్కంతయు అక్కడనే యున్నది. పెక్కుసార్లు నిజమగుట చేత, కానిసారి కూడ నమ్ముటకు మనస్సు సిద్ధపడి యుండును. ఒకసారి నమ్మిన పిదప దర్యాప్తు వెదకుట మాని ఏరుకొనుట మొదలిడును. ఆ రాత్రి అతడు వేరే ఊరిలో పెండ్లిలో నున్నాడని చెప్పిన సాక్షి మాట డైరీలోనికి ఎక్కదు. పదేండ్లు, అంతకు మించిన శిక్షపడదగు నేరములో అభియోగపత్రము వేయుటకు 90 రోజుల వరకు వ్యవధి గలదు. తప్పు మనిషి ఆ దినములన్నియు జైలులో గడపవచ్చును. ఈలోగా ఒప్పు మనిషి గొడ్డలి కడిగికొనును.

ముద్దాయి ఠాణాలో "నేనే చంపితిని" అన్నచో పని అయిపోయినదని సామాన్యులు తలంతురు. చట్టము అట్లు తలపదు. పోలీసు అధికారి యెదుట చేసిన ఒప్పుకోలు ముద్దాయికి వ్యతిరేకముగా రుజువు కాజాలదని 1872 నాటి సాక్ష్య చట్టము నిర్ణయించినది; 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమము అదే మాటను నిలిపినది. కాని అతడు చెప్పిన ఆచూకీని బట్టి ఒక వస్తువు దొరికినచో, ఆ దొరకుటకు సంబంధించినంత మాట మాత్రము చెల్లును. ఈ చిన్న సందులోనుండియే మన దర్యాప్తులలో చాల మంచియు, కొంత చెడుగును ప్రవేశించినవి. నిజముగా బావిలోనుండి తీసిన కత్తి కేసును నిలబెట్టును. అలవాటుగా "దొరికిన" కత్తి, ప్రతి కేసులోను సంతకము చేయు అదే ఇద్దరు మధ్యవర్తులతో, న్యాయస్థానమున కూలిపోవును. కూలునపుడు నిజమైన సాక్ష్యమును కూడ వెంట తీసికొనిపోవును. ఇపుడు సోదాను, స్వాధీనము చేసికొనుటను దృశ్య శబ్ద రూపమున చిత్రించి మేజిస్ట్రేటునకు పంపవలెనను నియమము వచ్చినది. సెల్‌ఫోనుతోనైనను చాలును. కపటము లేని అధికారికి ఇది భారము కాదు, రక్షణ.

తాను చేయని కేసులలో సర్కిలు ఇనస్పెక్టరు చేయునది చదువుట. దొంగతనములు, కొట్లాటలు, రోడ్డు ప్రమాదములు మొదలగునవి సబ్-ఇనస్పెక్టర్లే చూచుదురు. ఏ దినమున ఎన్ని గంటలకు సమాచారము అందినది, ఎక్కడికి పోయినది, ఎవరిని విచారించినది వారు కేసు డైరీలో వ్రాయవలెను. ఆ డైరీ చదువుట ఒక విద్య. ముగ్గురు సాక్షుల వాఙ్మూలములు ఒకే వాక్యములతో, ఒకే అక్షరదోషముతో నున్నచో అవి ముగ్గురు చెప్పినవి కావు, ఒకరు వ్రాసినవి. కంప్యూటరు వచ్చిన తరువాత ఈ జాడ్యము తగ్గలేదు, తేలికయైనది. నివేదిక ఉదయము నమోదై, ప్రతి మేజిస్ట్రేటునకు మరునాటి సాయంకాలము చేరినచో, నడుమ ఏమి జరిగినదని ముద్దాయి తరపు న్యాయవాది రెండేండ్ల తరువాత అడుగును. అదే ప్రశ్న ఇనస్పెక్టరు రెండు దినములలో అడిగియుండిన, సమాధానమో దిద్దుబాటో దొరకి యుండును. ఠాణా తనిఖీకి వచ్చి రిజిష్టర్ల అట్టలు, తోటలోని పూలకుండీలు చూచి సంతోషించిపోవు ఇనస్పెక్టర్లును లేకపోలేదు. పూలకుండీలు ఉండవలసినవే, డైరీ తరువాత.

ప్రసంగవశమున ఇంగ్లండు సంగతి ఒకటి. అక్కడ 1984 నాటి చట్టము ప్రకారము, నిర్బంధములోనున్న మనిషిని ఇంకను ఉంచుట అవసరమా యని ఒక ఇనస్పెక్టరు, ఆ దర్యాప్తుతో ప్రత్యక్ష సంబంధము లేనివాడు, మొదట ఆరు గంటలలోగా, ఆపైన తొమ్మిదేసి గంటల కొకసారి పరిశీలింపవలెను. మన చట్టములో ఇట్టి గంటల లెక్క లేదు. అరెస్టు చేసిన వానిని ప్రయాణ కాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట పెట్టవలెనను నియమము కలదు. ఆ 24 గంటలలో ఠాణా గోడల లోపల జరుగుదానిని చూడగల సమీపపు పై కన్ను సర్కిలు ఇనస్పెక్టరుదే. చట్టము గంటలు నిర్ణయింపలేదు గనుక, చూచుటయు చూడకుండుటయు ఆయన మనస్సాక్షికే వదలబడినవి. ఇంత బరువును మనస్సాక్షికి వదలుట నాకు అంత మంచిదిగా తోచదు.

గృహస్థునకు ఈయనతో పని యెప్పుడు పడును? సామాన్యముగా ఠాణాలో ఫిర్యాదు తీసికొననప్పుడు. నోటితో చెప్పినను ఠాణా అధికారి దానిని వ్రాసికొని చదివి వినిపింపవలెను. నేరము మరొక ఠాణా హద్దులో జరిగినదను మాట చెప్పి త్రిప్పి పంపరాదు. నమోదైన నివేదిక ప్రతిని ఉచితముగ ఇయ్యవలెను. ఫిర్యాదును ఎలక్ట్రానికు మార్గమున పంపినచో మూడు దినములలో వచ్చి సంతకము చేసిన చాలును. తీసికొననిచో వ్రాతమూలముగ జిల్లా సూపరింటెండెంటునకు పంపవచ్చుననియు, అక్కడను ఫలము లేకున్న మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చుననియు సంహిత చెప్పుచున్నది. ఆ మార్గములో సర్కిలు ఇనస్పెక్టరు పేరు లేదు. అయినను బీదరాలైన ఒక తల్లికి జిల్లా కేంద్రము దూరము, సర్కిలు కార్యాలయము దగ్గర. ఆయన ఒక్క మాటతో నమోదు కాదగిన కేసును జిల్లా వరకు పోనిచ్చుట ఆయనకే తలవంపు.

సాక్షులుగా పిలువబడువారు కూడ రెండు సంగతులు ఎరిగియుండుట మేలు. స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటిన పురుషులను, వికలాంగులను, తీవ్రవ్యాధిలో నున్నవారిని తాము నివసించు చోటనే విచారింపవలెను గాని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. దర్యాప్తులో పోలీసులు వ్రాసికొన్న సాక్షి వాఙ్మూలముపై సాక్షిచేత సంతకము తీసికొనరాదు. ఈ రెండు నియమములు తన సర్కిలులోని ఠాణాలలో నడచుచున్నవో లేవో ఇనస్పెక్టరు ఒక పూటలో తెలిసికొనగలడు.

అర్హతలలో కాగితముమీద కనబడునవి త్వరగా చెప్పవచ్చును. మన రెండు రాష్ట్రములలోను సివిలు పోలీసు ఇనస్పెక్టరు పదవికి నేరుగా నియామకము లేదు. సబ్-ఇనస్పెక్టరుగా ప్రవేశించినవారుగాని, కానిస్టేబులు మెట్టునుండి ఎక్కి వచ్చినవారుగాని పదోన్నతి పొందవలెను. సబ్-ఇనస్పెక్టరు పరీక్షకు పట్టభద్రులై యుండవలెను. పురుషులకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు. ఆంధ్రప్రదేశమున 1600 మీటర్ల పరుగు 8 నిమిషములలో ముగింపవలెను. అంకగణితము, తర్కము, సామాన్య విజ్ఞానము, భాషలు వ్రాతపరీక్షలో వచ్చును. పిదప శిక్షణ: చట్టము, కవాతు, తుపాకి, నేరశాస్త్రము. హైదరాబాదు నగర శివారున హిమాయత్‌సాగరు చెంతనున్న తెలంగాణ పోలీసు అకాడమీకి రాజబహదూరు వెంకట్రామారెడ్డి పేరు పెట్టియున్నారు. అమీనుగా కొలువు ఆరంభించి, 1920 మొదలు 1934 వరకు హైదరాబాదు కొత్వాలుగా నున్న ఆయన పేరు ఆ స్థలమునకు తగినది. క్రింది మెట్టు తెలిసిన పైయధికారి అట్టివాడు.

పరుగు పందెముతో కొలువ వీలుకాని అర్హతలు వేరు. మొదటిది కాగితమును శంకింపగల బుద్ధి. నిన్నటి వరకు తానును సబ్-ఇనస్పెక్టరే. డైరీలో ఏ మూల ఏమి దాగునో తనకు తెలియును. తెలిసినది దిద్దుటకు ఉపయోగించునా, ఇంకను నేర్పుగా దాచుటకు ఉపయోగించునా యనునదే ప్రశ్న. రెండవది క్రిందివారికి "ఇది చాలదు" అనియు, పైవారికి "ఇది కుదరదు" అనియు చెప్పగల ధైర్యము. రెండును ఒకే మనిషిలో నుండుట అరుదు. క్రిందివారిమీద గర్జించి పైవారి యెదుట చేతులు కట్టుకొనువారు ప్రతి కార్యాలయములోను కలరు, పోలీసులోనే కాదు. కాని వేరొక కార్యాలయములో అట్టివాని వలన ఒక ఫైలు ఆగును. ఇక్కడ ఒక మనిషి జైలుకు పోవును. తన క్రింది కానిస్టేబులు పదునాలుగు గంటలుగా బందోబస్తులో నిలిచి యున్నాడని గుర్తుంచుకొనుట కూడ నేను అర్హతయనియే లెక్కింతును. ఉత్సవములోను ఎన్నికలలోను అలసిన మనిషి లాఠీకి తొందర యెక్కువ.

ఇట్టి మనిషి దొరకినను అతడు అక్కడ నిలువవలెను గదా. 2006 సెప్టెంబరు 22 న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీము కోర్టు, క్షేత్రస్థాయి బాధ్యతలలోనున్న పోలీసు అధికారులకు కనీసము రెండేండ్ల కాలము ఒకచోట ఉండనిమ్మనియు, డిప్యూటీ సూపరింటెండెంటు వరకు గల వారి బదిలీలను పోలీసు అధికారులతో కూడిన ఒక బోర్డు నిర్ణయింపవలెననియు ఆదేశించినది. ఆ ఆదేశములో ఉదాహరణగా చెప్పిన పదవులలో జిల్లా సూపరింటెండెంటు కలడు, ఠాణా అధికారి కలడు. నడుమనున్న సర్కిలు ఇనస్పెక్టరు పేరు విడిగా లేదు. నగరములలో ఠాణా అధికారి హోదాలో ఇనస్పెక్టరునకు ఆ రక్షణ పేరుపేరున వర్తించును. జిల్లాలలో ఆదేశపు భావమును బట్టి వర్తింపజేసికొనవలెను.

బదిలీ యైనను కేసు ఆయనను వదలదు. చేని గట్టుమీది హత్య విచారణకు వచ్చుసరికి ఏండ్లు గడచును. దర్యాప్తు చేసిన ఇనస్పెక్టరు అప్పటికి వేరొక జిల్లాలో నుండును. సమను అందుకొని వచ్చి బోను ఎక్కును. ఆనాడు ఆ పొట్లములలో ఏది యెక్కడి మన్ను అని అడిగిన, జ్ఞాపకము కొరకు తన డైరీని చూచుకొనుటకు చట్టము ఒప్పును. అట్లు చూచుకొన్నచో, చూచిన ఆ భాగమును ముద్దాయి తరపు న్యాయవాది కూడ చూడగోరవచ్చును.